పడమటి మెట్లు

ఆ రోజు చావిడి ముందు అంతమందిలో ఐలేశం సుక్కమ్మ పేరు ఎందుకు చెప్పాడు? గౌరవంతో చెప్పాడా, భయంతో చెప్పాడా? ఇన్నేళ్ళు గడిచినా దీనికి జవాబు దొరకలేదు. ఐలేశాన్నే అడిగినా చెప్పగలిగేవాడు కాదేమో. నల్గొండలో ఒక సర్కారు ఆఫీసులో ముప్పై రెండేళ్ళు ఫైళ్ళకు దారం కట్టి, సైన్సు గురించి ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడకుండా రిటైరైన మనిషి ఆయన. మంచినీళ్ళ గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసిగానీ నోట పెట్టుకోడని ఆ ఆఫీసువాళ్ళు నవ్వుకునేవారు. అంతకు మించి ఆయన గురించి వాళ్ళకేమీ తెలియదు.

కానీ చిన్నప్పుడు అతనికి తెలుసుకోవాలని లేని సంగతంటూ ఉండేది కాదు.

ఆత్మకూరుకు ఐదు మైళ్ళ దూరంలోని నల్లరాళ్ళపల్లెలో కురుమ గండయ్య కొడుకు ఐలేశం. గొర్రె కళ్ళు చీకట్లో ఎందుకు మెరుస్తాయి, గొంగడి మీద పడ్డ వాన లోపలికి ఎందుకు దిగదు, పిడుగు పడ్డచోట మట్టి ఏమవుతుంది, ఉడుము గోడను పట్టుకుంటే ఊడి ఎందుకు రాదు, ఇవన్నీ అతనికి కావాలి. మందలో గొర్రె చస్తే మిగతావాళ్ళు కత్తులు నూరుకునేవాళ్ళు, ఐలేశం నోటుబుక్కు తెచ్చుకునేవాడు.

ఒకసారి గండయ్య వచ్చి చూసేసరికి పేగులన్నీ బండ మీద వరుసగా పరిచి మూరలతో కొలుస్తున్నాడు.

"ఓరి, అది సచ్చిన గొర్రెరా. కోసుకొని వండుకుంటరు గని, పేగులు కొలుస్తరా ఎవలన్న?"

"అరవై మూరలున్నయి నాయినా! ఇంకోటి సూసినవా, దీనికి నాలుగు పొట్టలు!"

"ఉండనీ. నీకున్న ఒక్క పొట్ట నింపనీకే నా పానం పోతాంది."

రష్యావాళ్ళు ఆకాశంలోకి కుక్కను పంపారని ఆత్మకూరు బళ్ళో విని వచ్చి, మంద దగ్గర కూర్చున్నవాళ్ళకు చెప్పింది కూడా అతనే. ముసలి గొర్రెలకాపరి పెద్దులు చుట్ట ఆర్పి మరీ విన్నాడు.

"కుక్కకు బువ్వ ఎవలు పెడ్తరు ఆడ?"

"డబ్బల పెట్టి పంపిన్రట తాతా."

"మరి దిగుడెట్ల?"

"దిగదట. ఆడ్నే సస్తదట."

పెద్దులు కాండ్రించి ఉమ్మేశాడు. "థూ. గదేం సదువురా! దింపుడు తెల్వనోడు ఎక్కిచ్చుడెందుకు?"

ఆ మాటకు ఐలేశానికి కోపం వచ్చింది. తాతకు సైన్సు అర్థం కాదనుకున్నాడు. అప్పటికి అతనికి పదహారేళ్ళు, తొమ్మిదో తరగతి.

ఎండాకాలం వచ్చిందంటే ఆ ఊరు కుంటడం మొదలుపెట్టేది. నారి కురుపు. ముందు కాలి మీద ఒక పొక్కు లేస్తుంది. నిప్పు పెట్టినట్టు మండుతుంది. పగిలితే దానిలోంచి తెల్లని దారంలాంటి పురుగు తల బయటపెడుతుంది. మూరెడు, ఒక్కోసారి రెండు మూరలుంటుంది. గుంజితే తెగుతుంది. తెగిందా, మిగిలిన సగం లోపలే కుళ్ళి, కాలు తొండంలా వాచి, చీము కారి, మనిషి దగ్గరికి పోలేనంత కంపు కొడుతుంది. ప్రతి ఇంటి ముందూ ఒక మంచం, మంచం మీద ఒక కాలు, కాలి మీద ముసిరిన ఈగలు. ఈగలను తోలుతూనే అన్నం తినేవాళ్ళు. దాన్ని జబ్బు అని కూడా ఎవరూ అనుకోలేదు, ఎండ ఎలా వస్తుందో అదీ అలాగే వస్తుందనుకునేవాళ్ళు.

ఆ పురుగును తెగకుండా తీయడం చుట్టుపక్కల పది ఊళ్ళలో సుక్కమ్మ ఒక్కదానికే వచ్చు. మాదిగ ఇళ్ళున్న కింది వాడలో ఆమె ఇల్లు. చీపురు పుల్ల ముక్కకు పురుగు తలను చుట్టి, రోజుకు రెండు వేళ్ళ మందం, ఊపిరి బిగబట్టి తిప్పేది. పదిహేను, ఇరవై రోజులు పట్టేది. పోలీసు పటేల్ బుచ్చారెడ్డి మొదలుకొని అందరి కాళ్ళూ ఆమె చేతిలో పడవలసిందే. పుల్ల తిప్పేటప్పుడు ఆమె చెయ్యి మైల కాదు. ఇంటికి పోయాక మాత్రం ఆమె ముట్టుకున్న కాలును కడుక్కునేవాళ్ళు.

ఐలేశం బడి లేని రోజుల్లో ఆమె వాకిట్లోనే ఉండేవాడు. పురుగు బయటికి రాకపోతే ఆమె ఒక ఉపాయం చేసేది. బావికి పోయి కాలును నీళ్ళలో పెట్టి కూర్చోమనేది. కాసేపటికి పురుగు తల బయటపెట్టేది.

"నీళ్ళల్ల పెడితే ఎందుకొస్తది సుక్కవ్వా?"

"సల్లగుంటదని వస్తది. ఎండకు నువ్వు బాయిల దుంకవా? దానికి గంతే."

"వచ్చినంక దాన్నుంచి ఏదో తెల్లగ కారుతాంది, సూసినవా?"

"నువ్వియ్యాల సూసినవు. నేను ముప్పై ఏండ్ల సంది సూస్తున్న. అది పిల్లలతల్లిరా. పాలు కారవా మరి?"

ఆమె నవ్వుతూ అన్న మాటను ఐలేశం నవ్వుగా తీసుకోలేదు. ఒక మనిషి కాలిని గిన్నెలోని నీళ్ళలో పెట్టించి, ఆ తెల్లటి చుక్కను గాజు ముక్క మీద పట్టి, సైన్సు సారు పండుగ సెలవులకని ఇచ్చిన భూతద్దం కింద చూశాడు. పాలు కావవి. వెంట్రుక ముక్కల్లాంటి పిల్ల పురుగులు, వందలు, వేలు, ఒకదాని మీద ఒకటి పడి మెలికలు తిరుగుతున్నాయి. లేచి గోడ పక్కకు పోయి కక్కుకున్నాడు.

"గందుకే అద్దాలు పెట్టి సూడొద్దంట," అంది సుక్కమ్మ, వీపు నిమురుతూ. "ఏమున్నయిరా దాంట్ల?"

"నువ్వన్నదే అవ్వా. పిల్లలే."

మర్నాడు ఐదు మైళ్ళు నడిచిపోయి సారును అడిగాడు. సారు నేల మీద సుద్దముక్కతో బొమ్మ గీసి చెప్పాడు. ఆ పిల్ల పురుగులను నీళ్ళలో ఉండే నలుసంత జీవి తింటుంది. ఆ నలుసును మనిషి తాగుతాడు. పురుగు కడుపులోంచి కండలోకి చేరి, సరిగ్గా ఏడాదికి కాలిలోంచి బయటికి వస్తుంది. ఆ కాలు మళ్ళీ నీళ్ళలో పడితే కథ మొదటికి వస్తుంది. కాలు నీళ్ళలో పడకుండా చూస్తే చాలు. లేదంటే రెండు మడతల బట్టతో వడగట్టి తాగితే చాలు.

"ఇంతేనా సార్?"

"ఇంతే."

ఐలేశం ఇంటికి నడిచి రాలేదు, ఉరికి వచ్చాడు.

వచ్చినవాడు నేరుగా బావి దగ్గరికి పోయాడు. ఊరికంతటికీ అదే తాగునీళ్ళు. దిగుడు బావి, తూర్పున మెట్లు, పడమట మెట్లు. తూర్పు మెట్లు ఊరివాళ్ళవి. కింది వాడవాళ్ళు నాలుగేళ్ళ కిందటి దాకా పైన కడవ పెట్టుకుని ఎవరైనా పోస్తే పట్టుకునేవాళ్ళు. అంటరానితనం నేరమని కొత్త చట్టం వచ్చాక తహసీల్దారు వచ్చి నిలబడి పడమటి మెట్లు వాళ్ళకు ఇప్పించి పోయాడు. అప్పటినుంచి పటేల్ ఆ మెట్ల వైపు చూసినప్పుడల్లా అతని మొహం ముడుచుకునేది.

ఐలేశం తూర్పు మెట్ల మీద నిలబడి చూశాడు. రోజూ చూసేదే, కానీ ఆ రోజే చూసినట్టనిపించింది. ఒకడు పళ్ళు తోమి నీళ్ళలోకే పుక్కిలించి ఉమ్ముతున్నాడు. ఇంకొకడు పుండుకాలు మోకాటి దాకా ముంచి కళ్ళు మూసుకుని సుఖపడుతున్నాడు. ఆ కాలికి జానెడు దూరంలో ఒక ఆడమనిషి నాచును చేత్తో పక్కకు తోసి బిందె ముంచుతోంది. గాజుసీసాలో నీళ్ళు పట్టి ఎండకు ఎత్తితే తెల్లని నలుసులు టపటపా ఎగురుతున్నాయి. ఇన్నేళ్ళుగా తను తాగింది ఇవే.

ఆ రాత్రి తల్లి గుర్వమ్మ చెంబు అందిస్తే గుడ్డ కట్టి వంచుకున్నాడు.

"నీళ్ళకు గుడ్డ కట్టుడేందిరా? ఇంక నయం, గాలికి గుడ్డ కట్టమనలే."

కాముని పున్నమి పోయిన నాలుగో రోజు, పొద్దున్నే, చావిడి ముందు అందరూ ఉన్నప్పుడు సీసా పట్టుకుని పోయాడు. వద్దని గండయ్య చెప్పి చూశాడు. "పటేలుతోని మనకెందుకురా? గొర్రెలు ఆయన బీడు భూములల్లనే మేస్తున్నయి." ఐలేశం వినలేదు. సుక్కమ్మ చూపింది, తను చూసింది, సారు చెప్పింది, మూడూ కలిసి నిజమైనప్పుడు ఎవరైనా ఎందుకు కాదంటారు?

పటేల్ గద్దె మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎడమకాలి పిక్కకు గుడ్డ పీలిక కట్టి ఉంది. దాని కింద చీపురు పుల్ల ఉందని ఐలేశానికి తెలుసు. ముందురోజు సుక్కమ్మ దాన్ని తిప్పుతుంటే పక్కనే ఉన్నాడు.

"ఏందిరా ఐలిగా, బాయిల పురుగులున్నయట? నువ్వు పుట్టకముందు లెవ్వా?"

అందరూ నవ్వారు. ఐలేశం సీసా ఎత్తి చూపాడు. సారు చెప్పిందంతా చెప్పాడు. తడబడకుండానే చెప్పాడు.

"రెండు దిక్కుల మెట్లూ మూసి, పైన గిలకలు పెడితే ఎవల కాలు నీళ్ళల్ల వడది పటేలా. ఒక్క ఏడాది గట్ల జేస్తే సాలు. ఊర్ల నారి కురుపే ఉండది."

"ఇప్పుడెవల కాలు వడుతాంది?"

ఐలేశం కళ్ళు అతని పిక్క మీదికి పోయాయి. పటేల్ ధోవతి అంచు మెల్లగా కిందికి జరుపుకున్నాడు.

"జెప్పురా. ఎవల కాలు?"

అందరూ అతని నోటివైపే చూస్తున్నారు.

"సుక్కవ్వ... సుక్కవ్వ కురుపున్నోళ్ళను కాలు నీళ్ళల్ల పెట్టుమంటది. పెడితే పురుగుకెల్లి పిల్లలు..."

అతని మాట అక్కడే తెగిపోయింది. వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "ఇన్నరా? సుక్కి బాయిల పురుగులు కలుపుతాందట!"

"గట్ల గాదు! నేనన్నది గది గాదు..."

"మల్ల ఏంది? నువ్వే గదరా అంటివి!"

"మనల కుంటోళ్ళను జేసి పుల్లలు దిప్పుతాందన్నట్టు. ఎంత ఉపాయమే దానిది!"

ఐలేశం అరిచాడు. సీసా ఊపాడు. ఎవరూ వినలేదు. పటేల్ చెయ్యెత్తి అందరినీ ఊరుకోబెట్టి, ఎంతో శాంతంగా అన్నాడు, "సదువుకున్న పోరడు జెప్పిండు. మనం జెప్పలే. రేపు తహసీల్దారు అడిగినా గదే మాట."

పొద్దుగూకే లోపల పడమటి మెట్ల నిండా తుమ్మకంప పడింది. గిలకల సంగతి తర్వాత చూద్దామన్నారు. మర్నాడు ఉదయం ఐలేశం పోయేసరికి పటేల్ తూర్పు మెట్ల మీద కూర్చుని, ఎడమకాలు నీళ్ళలో వేలాడేసి, వేపపుల్ల నములుతున్నాడు. ఐలేశాన్ని చూసి పలకరింపుగా నవ్వాడు కూడా. ఆ పళ్ళు, ఆ నురగ, నీళ్ళలో తెల్లగా పాలిపోయిన ఆ కాలు! ఐలేశానికి ఈసారి కక్కు రాలేదు. వస్తే బాగుండునని చాలాసేపు బండ మీద వంగి నిలబడ్డాడు.

కింది వాడ ఆడవాళ్ళు మైలున్నర దూరంలోని వాగుకు పోవడం మొదలుపెట్టారు. వాగు ఎండి ఇసుక మేట. ఇసుకలో మోచేతి లోతు చెలిమ తోడి, నీళ్ళు ఊరేదాకా కూర్చుని, చిప్పతో కడవలోకి పోసుకోవాలి. ఒక కడవ నిండడానికి ఒక జాము. సుక్కమ్మ అరవై ఏళ్ళ మనిషి, ఆమె కూడా పోయేది. వచ్చాక ఆమె వాకిట్లో కాళ్ళు చాపుకుని ఊరివాళ్ళు సిద్ధంగా ఉండేవాళ్ళు! బావిలో పురుగులు కలిపిందన్న నోటితోనే "సుక్కమ్మా, జర పైలంగ తిప్పు, తెగుతది" అనేవాళ్ళు. ఆమె తిప్పేది.

నాలుగైదు రోజులు మొహం చాటేసి, ఐలేశం చివరికి ఆమె దగ్గరికి పోయాడు.

"సుక్కవ్వా, నేను గట్ల అనలే."

"నా పేరు దీస్తివా లేదా?"

"తీసిన."

"ఎందుకు తీస్తివి?"

ఆమె రెట్టించి అడగలేదు. "కూసో. ఈ పుల్ల వట్టుకో, చేతులు గుంజుతున్నయి," అంది. అతను పుల్ల పట్టుకున్నాడు. తిట్టి ఉంటే తేలికయ్యేదని అతనికి తర్వాత ఎన్నోసార్లు అనిపించింది.

ఆ ఏడాది అతను బడికి పోయాడు, మందకు పోయాడు, పేగులు కొలవలేదు. చుక్కల మీద, ఉడుముల మీద ఉన్న ఆసక్తి ఎటు పోయిందో పోయింది. ఒక్కటే లెక్క పెట్టుకున్నాడు. ఏడాది. సారు సరిగ్గా ఏడాది అన్నాడు. మళ్ళీ ఎండాకాలం రావాలి.

వచ్చింది. పదో తరగతి పరీక్షలు రాసి వచ్చి, ఐలేశం నోటుబుక్కు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ఊర్లో డెబ్బై ఒక్క ఇళ్ళు, యాభై ఎనిమిది మందికి కురుపు. పటేల్ ఇంట్లోనే నలుగురికి. కింది వాడలో ముప్పై నాలుగు ఇళ్ళు, ఒక్కర్తికే. ఆ ఒక్కర్తీ కిందటి ఎండాకాలమంతా తల్లిగారింట్లో ఉండి, ఆ ఊరి బావి నీళ్ళు తాగి వచ్చిన కోడలు.

ఇసుక! ఇసుక నీళ్ళను వడగట్టింది. నలుసు ఇసుకలోంచి రాలేదు. ఎవరూ తలపెట్టని ప్రయోగం ఊరు ఊరే చేసి పెట్టింది, తన నోటుబుక్కులో పడింది. చాలాకాలం తర్వాత ఐలేశం ఒళ్ళు పులకరించింది. ఇన్ని కాళ్ళు కళ్ళ ముందు ఉన్నాక ఎవరు మాత్రం కాదంటారు? పురుగులు కలిపింది సుక్కమ్మ కాదని, ఉన్నదంతా తూర్పు మెట్ల మీదనే అని లెక్కే చెబుతుంది. మెట్లన్నీ మూస్తారు. గిలకలు పెడతారు. కంప తీస్తారు. సుక్కమ్మ ఇక వాగుకు నడవదు.

"మల్ల వోతున్నవా చావిడికి?" అని గండయ్య అడ్డం నిలబడ్డాడు. "పోయినసారి వోయి ఏం జేసినవురా?"

"గదే సక్కజేయనీకి వోతున్న నాయినా."

పటేల్ ఈసారి నవ్వలేదు. కూర్చోబెట్టుకుని మొత్తం విన్నాడు. నోటుబుక్కు తీసుకుని, ఇంటిపేర్ల మీద వేలు పెట్టుకుంటూ రెండుసార్లు చూశాడు. తన ఇంటి ముందు నాలుగు అని ఉన్నచోట వేలు ఆగింది.

"అంటే, వాళ్ళకు లేదు."

"లేదు పటేలా."

"వాగు నీళ్ళు తాగిన్రని."

"అవును. ఇసుకల వడగట్టుకొని వస్తయి గదా, గందుకే బాయికి గూడ..."

"మంచిగ జెప్పినవురా," అన్నాడు పటేల్. భుజం కూడా తట్టాడు. "నిజంగ మంచిగ జెప్పినవు."

వారం తిరగలేదు. పటేల్ బండ్లు వాగులోకి దిగాయి. చెలిమల చోట సిమెంటు ఒరలు దింపించి, చుట్టూ కంప కొట్టించి, కాపలాకు మనిషిని పెట్టారు. ఊరివాళ్ళు పీపాలతో ఇసుక నీళ్ళు తెచ్చుకోవడం మొదలైంది. కడవలతో పోయిన కింది వాడ ఆడవాళ్ళను కాపలావాడు దూరం నుంచే ఆపాడు.

"మీ మెట్లు మీకిచ్చినం గదనే! బాయికి వోన్రి. రెండు దిక్కులా మీదే ఇప్పుడు. ఇంకేం గావాలె మీకు?"

నిజమే. పడమటి మెట్ల మీది కంప తీసేశారు. తూర్పు మెట్లూ ఖాళీ. ఏడాదంతా ఊరి కురుపులన్నీ నానిన నీళ్ళు, నాచు పట్టి, నురగ తేలి, వాళ్ళ కోసం ఎదురుచూస్తున్నాయి.

ఐలేశం సాలె రామచంద్రయ్య మగ్గం దగ్గరికి పోయి మందపాటి నేత బట్ట రెండు గజాలు అడిగి తెచ్చాడు. బావి దగ్గర సుక్కమ్మ కడవ ముంచుకుని మెట్లు ఎక్కుతోంది. రెండు మెట్లకొకసారి ఆగుతోంది.

"అవ్వా, గీ బట్ట రెండు మడతలేసి వడగట్టు. గట్ల అయితే ఏం గాదు."

"వాడకంత సరిపోతదా బిడ్డా గిది?"

ముప్పై నాలుగు ఇళ్ళు. ఒంటి మీద ఉన్నది తప్ప రెండో బట్ట లేని ఆడవాళ్ళు ఆ ఇళ్ళలో సగం మంది.

ఆమె బట్ట తీసుకుంది. భుజం మీద వేసుకుని, కడవ దించి, కాసేపు మెట్టు మీద కూర్చుంది.

"ఇంకేమన్న కనిపెట్టినవా?"

"లేదవ్వా."

"కనిపెట్టు. కండ్లున్నయి, ఎట్లాగు సూస్తవు. గని ఎవలకు జెప్పకు."

ఆ మాటలో కోపం లేదు. తెగిపోతుంది, పైలం అని పుల్ల పట్టుకున్నవాడికి చెప్పినట్టే చెప్పింది. ఐలేశానికి తన నోట్లో ఉన్న నాలుక తనదేనా అనిపించింది. ఏదో మెత్తటిది, తడిది, తెల్లటిది నోట్లో కదులుతున్నట్టు రోత పుట్టింది. ఊరి మీద రోత అయితే ఊరు విడిచిపోతే తీరుతుంది. దీన్ని ఎక్కడ విడవాలో తెలియలేదు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. స్కూల్లో సైన్సులో అతనివే ఎక్కువ మార్కులు. మహబూబ్‌నగర్ కాలేజీలో సైన్సు సీటు మాట్లాడతానని సారు కబురు పంపాడు. ఐలేశం ఆ కబురుకు జవాబు పంపలేదు. నల్గొండలో గుర్వమ్మ తమ్ముడు ఒక ఆఫీసులో చప్రాసీగా ఉన్నాడు. అక్కడికి పోతానని ఇంట్లో చెప్పాడు.

బయలుదేరిన రోజు ఉదయం కొత్తకోటలో బస్సు ఎక్కాలని కింది వాడ పక్కనుంచే నడిచాడు. సుక్కమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ఆమె ముందు పటేల్ ఇంటి బండి ఆగి ఉంది. బండి చివర కూర్చున్న పటేల్ చిన్నల్లుడి కాలు ఆమె ఒళ్ళో ఉంది. ఒక చేత్తో పిక్కను అదిమి పట్టి, రెండో చేతి రెండు వేళ్ళతో పుల్లను తిప్పుతోంది. అల్లుడు తువ్వాలుతో ముక్కు మూసుకుని మొహం అటు తిప్పుకున్నాడు. ఆమె రవిక భుజం చెమటకు తడిసింది. ఊపిరి బిగబట్టి ఉంది.

ఐలేశం ఆగాడు. పిలిస్తే తల ఎత్తుతుంది. తల ఎత్తితే చెయ్యి కదులుతుంది.

సంచీ చప్పుడు కాకుండా చంకలోకి మార్చుకుని, గోడ వారగా నడిచి, రోడ్డు వైపు తిరిగాడు.